మ్యూజియంలో రిసెప్షన్ పెట్టుకుంటానన్న బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో రిసెప్షన్ చేసుకుందామనుకుంటున్నామని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. వెనకే మీ అమ్మ ఫోనూ వచ్చింది, "శుభమా అని విందు చేస్తూ ఆ బొమ్మల మధ్యేమిటే అక్కా" అని. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాలే. ఇన్నేళ్ళు మ్యూజియంలలో ఈవెంట్ల పని చూశాను కాబట్టి, మనవాళ్ళకి చివరి వారంలో తెలిసి గొడవయ్యే సంగతులు నీకు ముందే చెబుతున్నాను.

చోటు మాత్రం బాగా ఎంచుకున్నావు. ఆ భవనం జపాన్ ఆర్కిటెక్టు తడావో ఆండోది, 2002 డిసెంబరులో తెరిచారు. కాలేజీలో ఆర్కిటెక్చర్ చదవకుండా, సొంతంగా నేర్చుకుని ఇంతవాడైన మనిషి ఆయన. ఎకరంన్నర కొలను, నీళ్ళలోంచే లేచినట్టుండే 40 అడుగుల గాజు గోడలు, వై అక్షరం ఆకారంలో కాంక్రీటు స్తంభాలు. పొద్దుగూకి లోపల దీపాలు వెలిగితే ఆ గాజు మంటపాలన్నీ నీళ్ళలో కనబడతాయి. అలాంటి చోట నువ్వు పెట్టే అలంకరణ ఎంత తగ్గితే అంత అందం. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతావన్నీ దీని వెనకే వస్తాయి. డల్లాసులో మన డెకరేటర్లు హోటల్ బాల్‌రూములకి అలవాటుపడ్డవాళ్ళు. కిటికీలుండవు, కప్పు కిందికి ఉంటుంది, కార్పెట్టు చూడబుద్ధి కాదు. వాటిని కప్పెయ్యడానికే ఆ తెరలూ పూల గోడలూ. మోడరన్‌లో కప్పిపుచ్చాల్సిందేమీ లేదు. పది వేల డాలర్ల పూల గోడ తెచ్చి ఆ కొలనుకి అడ్డం పెడితే ఆ చోటికి అద్దె కట్టడం ఎందుకు?

పెళ్ళి తంతు అక్కడ వద్దు. హోమం సంగతి అడగనే అడగకు. చిన్న కొవ్వొత్తికే ఒప్పుకోని చోట్లవి. పైగా మ్యూజియం సాయంత్రం మూసేదాకా మీ చేతికి రాదు. పురోహితుడుగారు ఉదయం 9 గంటల 42 నిమిషాలకి ముహూర్తం పెడితే ఆ వేళకి అక్కడ స్కూలు పిల్లలు తిరుగుతుంటారు. ముహూర్తం డల్లాస్ దగ్గర ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడిలోనో, అర్వింగ్ గుడిలోనో కానిచ్చుకోండి. అక్షింతలు, తలంబ్రాలు, హారతి అన్నీ అక్కడే తృప్తిగా అయిపోవాలి. రిసెప్షన్ మర్నాడు పెట్టుకుంటే ఇంకా మంచిది. అదే రోజంటే ఫ్రిస్కో నుంచి ఫోర్ట్ వర్త్ దాకా గంట దారి, నగలు మార్చుకోవడం, జడ విప్పడం, నీ మొహంలో కళ ఉండదు.

అక్షింతలు రిసెప్షన్లోనూ వెయ్యాలని బామ్మలు పట్టుబడతారు. అక్కడ ఎందుకు కుదరదో వాళ్ళకి కారణంతో చెప్పు, వింటారు. నేలమీద పడ్డ బియ్యం ఎలకల్నీ పురుగుల్నీ పిలుస్తుంది. పసుపేమో కాంక్రీటులోకి ఇంకుతుంది. ఆండో గోడకి పైన రంగు లేదు, ఆ కాంక్రీటే దాని అందం, మరక పడితే సున్నం వేసి కప్పే వీలు లేదు. గోడకి మేకు కొట్టనివ్వరు, టేపు అంటించనివ్వరు. స్టేజి ఏదైనా తన కాళ్ళమీద తాను నిలబడేదే కావాలి.

పూల దగ్గర మనవాళ్ళకి బాగా కోపం వస్తుంది. బంతిపూల దండలు ఏ మ్యూజియంకి అపకారం చేశాయని? పూలలో పుప్పొడి తినే చిన్న పెంకుపురుగులుంటాయి. అవి లోపలికొచ్చి గుడ్లు పెడితే వాటి పిల్లలు ఉన్ని, పట్టు, ఈకలు తింటాయి. మ్యూజియం సేకరణల్లో అలాంటివి ఉంటాయి. అందుకే కొన్నిచోట్ల పూల వ్యాపారి దగ్గర శుభ్రం చేయించినవే రానిస్తారు, మట్టి కుండీలు అసలే రానివ్వరు. హీలియం బెలూన్ చెయ్యి జారితే కప్పుకి అంటుకుని రాత్రంతా ఊగుతుంది, అలారం మోగుతుంది. పొగ మెషీన్ పెట్టి మబ్బుల్లో నడిచొస్తానని కలలు కనకు. గాలిని పీల్చి పొగ పసిగట్టే యంత్రాలుంటాయి, ఫైరింజన్ వస్తుంది. కొలనులో దీపాలు వదలడం, గులాబీ రేకులు చల్లడం, చెమ్కీ కాగితాలు పేల్చడం కూడా ఈ జాబితాలోనే వేసుకో.

మొదటిసారి మేనేజర్‌ని కలిసినప్పుడు అందరూ అద్దె ఎంతని అడుగుతారు. నువ్వు ముందు అడగాల్సింది, ఆ తేదీన గ్యాలరీల్లో ఏముంటుందని. ప్రదర్శనలు మారే వేళ వారాల తరబడి గదులు మూసేస్తారు. పెట్టెలు విప్పుతుంటారు, గోడలు మారుస్తుంటారు. నీ చుట్టాలు వచ్చేసరికి తలుపులు వేసుంటే మీకు మిగిలేది లాబీ ఒక్కటే. రెండోది, వేరే మ్యూజియంల నుంచి అరువు తెచ్చిన బొమ్మలున్నాయేమో కనుక్కో. ఇచ్చినవాళ్ళ షరతులు సొంత షరతులకన్నా కఠినం. గ్లాసు పట్టుకుని ఆ గదిలో అడుగుపెట్టనివ్వరు. కాగితం మీది బొమ్మలైతే 50 లక్స్ వెలుతురే, అంటే మసక మసగ్గా. మన వీడియో అబ్బాయి తెచ్చే పెద్ద లైట్లు అక్కడ వెలగవు. అతన్ని ముందురోజే తీసుకెళ్ళి చూపించు. ఫోటోల్లో బొమ్మ వెనకాల పడితే కళాకారుడి హక్కుల ప్రశ్న కూడా వస్తుంది. ఇంట్లో ఆల్బమ్‌కి ఎవరూ ఏమనరు కానీ, ఫోటోగ్రాఫర్ తన ప్రకటనకి వాడుకోకూడదని రాయించుకో.

జనం లెక్క. ఎంతమంది పడతారో మ్యూజియంవాళ్ళు చెప్పిన అంకె మీ నాన్నగారితో బేరమాడే అంకె కాదు. గాలి దాదాపు 70 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, తేమ 50 శాతం దగ్గర నిలపాలని యంత్రాలు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. ఊరికే నిలబడ్డ మనిషి ఒంట్లోంచే 100 వాట్ల వేడి వస్తుంది. మూడొందలమంది డాన్సు చేస్తే ఏమవుతుందో ఊహించుకో. కాబట్టి అమెరికా తెలుగు సంఘం తానాలోని స్నేహితులు, ఆఫీసువాళ్ళు, అపార్ట్‌మెంటువాళ్ళు అందరూ రావాలంటే వాళ్ళకోసం వేరే రోజు ఏదో హాల్లో భోజనం పెట్టండి. ఇక్కడికి దగ్గరివాళ్ళు చాలు. "వస్తాం, చూద్దాం" అనేవాళ్ళకి ఫోన్ చేసి గట్టిగా అడిగే పని మీ మేనమామకి అప్పజెప్పు, ఆయనకి మొహమాటం లేదు.

టైము గురించి నవ్వకుండా చదువు. 5 గంటలకి సందర్శకులు వెళ్ళాకే మన సామాను లోడింగ్ డాక్ దగ్గర దిగుతుంది. ఏడుకి అతిథులంటే డెకరేటర్‌కి ఉన్నది రెండు గంటలు. పూర్తయ్యాక రాత్రికి రాత్రే అంతా ఎత్తెయ్యాలి, ఆలస్యమైతే గంటకింత కట్టాలి. వారంలో రాత్రిదాకా తెరిచి ఉంచే రోజుంటే ఆ రోజు బుక్ చేయకు. కార్డులో ఏడు అని వేస్తే మనవాళ్ళు ఎనిమిదికి వస్తారని నీకూ నాకూ తెలుసు. గ్యాలరీలు మొదటి గంట మాత్రమే తెరిచి ఉంచేలా ఒప్పుకున్నావనుకో, ఆ గంటకి ఇచ్చిన డబ్బులన్నీ ఖాళీ గదులకి పోతాయి. తెరిచే వేళ భోజనాల ముందుకి జరపమని అడుగు, సామాన్యంగా కాదనరు.

చప్పుడు విషయం ఎవరూ ముందు చెప్పరు. గాజు, కాంక్రీటు కలిసిన ఎత్తైన గదిలో మాట చాలాసేపు తిరుగుతుంది. డోలు సన్నాయి గుడిలో వినాలి. ఇక్కడ వీణో, వయొలినో, తక్కువ గొంతుతో. డీజే బేసు తగ్గించమంటే మీ ఫ్రెండ్స్ అలుగుతారు. కానీ ఆ అదురు పక్క గదిలో పీఠం మీదున్నదానికి తగులుతుంది. డాన్సు కావాలంటే తర్వాత ఎక్కడికైనా వెళ్ళండి.

వంటకి మ్యూజియంవాళ్ళ క్యాటరర్ జాబితా ఒకటి ఉంటుంది. బయటివాళ్ళని ఒప్పుకున్నా కూర అంతా బయట వండి తేవాలి, లోపల తాలింపు పెట్టనివ్వరు. దోసెల కౌంటర్ మీద ఆశ వదులుకో. గిన్నెల కింద మంట బదులు కరెంటువి అడగండి, ఎన్ని యాంపులు పడతాయో క్యాటరర్‌ చేత రాయించి పంపు. రెడ్ వైన్ వద్దంటే బాధపడకు, అదే నియమం మన పులుసుకీ పప్పుచారుకీ వర్తిస్తుందేమో మాత్రం కనుక్కో.

డబ్బు లెక్క చిన్నదే. అద్దె మీద గార్డులు, శుభ్రం చేసేవాళ్ళు, కుర్చీలు, క్యాటరర్ సర్వీసు చార్జి, పైన 8.25 శాతం అమ్మకం పన్ను. పది లక్షల డాలర్ల బాధ్యత బీమా కాగితం చాలాచోట్ల అడుగుతారు. ఒక్కరోజుకి ఇచ్చే కంపెనీలున్నాయి, కంగారు లేదు. డెకరేటర్‌కీ, డీజేకీ కూడా ఆ కాగితం ఉండాలి. లేని వాళ్ళని గేటు దగ్గరే ఆపుతారు, అప్పుడు వేరే మనిషి దొరకడు.

పెద్దవాళ్ళని ఒకసారి ముందే తీసుకెళ్ళి గ్యాలరీలు చూపించు. మోడరన్ ఆర్ట్ కదా, బట్టలు లేని బొమ్మలుండొచ్చు, రక్తం కనిపించేవీ ఉండొచ్చు. విందు రోజు మీ అత్తగారి మొహం చూసి తెలుసుకునే సంగతి కాదది. ఆ మ్యూజియం సేకరణలో జర్మన్ కళాకారుడు ఆన్సెల్మ్ కీఫర్ చేసిన రెక్కల పుస్తకం ఉంది, సీసంతో చేసింది. ఆ రోజు ప్రదర్శనలో ఉంటే మీ బామ్మకి తప్పకుండా చూపించు. సరస్వతీదేవి పుస్తకమంటుంది, అననీ.

పిల్లలకి బయట అమెరికన్ శిల్పి రిచర్డ్ సెర్రా చేసిన 'వోర్టెక్స్' ఉంది, 67 అడుగుల ఎత్తు ఉక్కు పలకలు. లోపలికెళ్ళి చప్పట్లు కొడితే మోగుతుంది, ఓ గంట కాలక్షేపం. అయితే పట్టుచీరలవాళ్ళని దానికి ఆనుకోవద్దను. అదీ ముట్టుకోకూడని శిల్పమే, పైగా దాని తుప్పు అంటితే చీర మళ్ళీ కట్టలేరు. కొలను పక్కన మాత్రం ఇద్దరు పెద్దవాళ్ళని వంతులేసి కూర్చోబెట్టు. లోతు తక్కువని ఊరుకోకు.

కాంట్రాక్టు వచ్చాక సంతకం పెట్టకుండా నాకు పంపు. రద్దు చేసుకుంటే ఎంత వెనక్కిస్తారు, మ్యూజియమే తేదీ మార్చాల్సివస్తే ఏమిటి అన్న రెండు చోట్లా నేను గీతలు గీసి ఇస్తాను. అబ్బాయిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ