వాకిట్లో వరుస కట్టించకు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

ఈ పెద్ద పండక్కి స్నేహితురాళ్ళతో కలిసి చందాలు వేసుకుని, మన గోదావరి లంకలో ఉన్న పేదవాళ్ళ ఇళ్ళకు బట్టలూ సరుకులూ ఇస్తావని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పగానే నా కడుపు నిండిపోయింది. ఆ వెంటనే బడి ఆవరణలో షామియానా వేయిస్తున్నారని, మైకూ బ్యానరూ కూడా మాట్లాడారని చెప్పేసరికి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే తెల్లవారగానే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎవరికి అవసరమో అంగన్‌వాడీ టీచరునూ ఆశా కార్యకర్తనూ అడుగు. చీరలు బండారులంక నేతగాళ్ళ దగ్గర కొను, ఆ డబ్బు మగ్గం మీద కూర్చున్నవాళ్ళకు చేరుతుంది. బియ్యం కొనేముందు గుప్పెడు వండించి చూడు. ఇవన్నీ నీకు తెలిసినవే. తెలియని సంగతి ఒకటుంది, అది నువ్వు పుట్టకముందు జరిగింది.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను ఊడ్చిపెట్టింది. తెల్లారి చూస్తే తోటలకు తోటలు నేలమీద పడుకుని ఉన్నాయి. కొబ్బరి మొక్క మళ్ళీ నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్ళయినా పడుతుంది కాబట్టి, ఆ ఒక్క రాత్రితో ఎన్నో కుటుంబాలకు అన్నేళ్ళ ఆదాయం పోయింది. అప్పుడు నేను పాఠాలు చెప్పే బడికి, భోగికి ముందు, పట్నం నుంచి ఒక సంస్థవారు లారీ నిండా బట్టలు తెచ్చారు. మైకులో ఒక్కొక్కరి పేరూ పిలిచి, పంచెల చాపు చేతిలో పెట్టి, ఫోటో తీస్తున్నారు. మా వీధి చివర కొబ్బరితోట ఉన్న ఒక రైతు కూడా ఆ వరుసలో నిలబడ్డాడు. అంతకుముందు సంక్రాంతి దాకా హరిదాసు వస్తే చేటతో బియ్యం తెచ్చి పోసిన మనిషి ఆయన. పేరు పిలవగానే భుజం మీద కండువా తీసి చేతిలో పట్టుకుని ముందుకు వెళ్ళాడు. ఫోటో తీసే కుర్రాడు “కాస్త పైకి పట్టుకోండి, తల ఎత్తండి” అన్నాడు. ఆయన తల ఎత్తలేదు. ఆ చాపును జెండా దిమ్మ మీద నెమ్మదిగా పెట్టి, బడి వెనక దారిన ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ సంక్రాంతికి ఆ ఇంటి ముందు ముగ్గు పడలేదు. హరిదాసు వచ్చి, మూసిన తలుపు ముందు చిడతలు వాయిస్తూ చాలాసేపు నిలబడి, పక్కింటికి వెళ్ళాడు.

బట్టలు తెచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు తల్లీ. తమ పండగ మానుకుని అంత దూరం వచ్చినవాళ్ళు. నిరుటి దాకా పెట్టిన చేతులే ఆ వరుసలో చాచుకుని ఉన్నాయని వాళ్ళకు తోచలేదు, అంతే. ఈ ఏడు కూడా మన లంకలో వరద నీళ్ళు నిలిచి కూరగాయల పాదులు కుళ్ళిపోయిన కౌలు రైతులు ఉన్నారు. వాళ్ళ పేర్లు మైకులో వినపడకూడదు.

లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూసేదాకా గోదావరి దాటి వేళకాని వేళ వచ్చినవాడికి కూడా అన్నం పెట్టారు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపు వచ్చినా ఆవిడ వెళ్ళలేదని, ఫోటోకు కూడా ఒక పట్టాన ఒప్పుకోలేదని మన పెద్దలు చెప్పేవారు. చందా ఇచ్చినవాళ్ళకు లెక్క చూపాలంటే బిల్లులు పంపు, పుచ్చుకున్నవాళ్ళ ముఖాలు పంపకు. మనం చూరుకు వరికంకుల కుచ్చు కట్టి లోపలికి వెళ్ళిపోతామే గానీ పిచ్చుకలు ఎన్ని వచ్చాయో గుమ్మంలో నిలబడి చూడం కదా.

గుంపు విషయంలో నా భయం నీకు చాదస్తంగా అనిపించినా సరే, విను. 2023 జనవరి 1న గుంటూరులో సంక్రాంతి కానుకలు పంచే చోట తొక్కిసలాట జరిగి ముగ్గురు ఆడవాళ్ళు చనిపోయారు. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర నాటుపడవ బోల్తా పడి బడికి వెళ్ళివస్తున్న పిల్లలు మునిగిపోయారు. సామానూ మనుషులూ ఒకే పడవలో ఎక్కవద్దు. లైఫ్ జాకెట్ లేనిదే రేవు దాటనని నాకు మాట ఇవ్వు. ఈత రాని పిల్లవి, నిన్ను కాలవ గట్టుమీద చెయ్యి పట్టుకుని నడిపించినదాన్ని నేను.

షామియానా మానిపించి, ఇద్దరిద్దరుగా ఇంటింటికీ వెళ్ళండి. దాళ్వా, అదే రెండో పంట వరి, నాట్లు మొదలైతే ఆడవాళ్ళు మధ్యాహ్నం దాకా చేలోనే ఉంటారు. పొద్దున పిలిస్తే వాళ్ళకు ఆ పూట కూలి పోతుంది, కాబట్టి దీపాలు పెట్టే వేళకు వెళ్ళండి. పేటలో చాలా ఇళ్ళకు పండగంటే క్రిస్మస్, వాళ్ళవి డిసెంబరు 25కు ముందే అందాలి. ఏ ఇంటివాళ్ళయినా తిరిగి మీ చేతిలో నాలుగు జంతికలో ఒక బొండమో పెడితే, మొహమాటపడి వద్దనకుండా తీసుకోండి, అక్కడే తినండి. సరుకులు తీసుకోవడానికి అభిమానపడేవాళ్ళకు కిరాణా కొట్టులో ఖాతా తీర్చెయ్యి. ఎవరు తీర్చారో చెప్పవద్దని కొట్టాయనకు నేను చెబుతాను.

జాకెట్టు గుడ్డలు మాత్రం డిసెంబరు మొదటి వారానికల్లా నాకు పంపు. పండగ దగ్గరపడితే మన వీధి దర్జీ కొత్త బట్ట ముట్టుకోడు. కుట్టని గుడ్డ చేతికి ఇస్తే కూలి డబ్బులు లేక అది పెట్టెలోనే ఉండిపోతుంది. కొలతలు నేను కనుక్కుంటాను. కుట్టుకూలి నా పింఛనులో నుంచి ఇస్తాను, దానికి నువ్వు అడ్డు చెప్పకు.

ఇట్లు,
మీ అత్తయ్య