డిస్కు బ్రేకు సరిగా పట్టకపోతే

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

సింహాచలం ఘాట్ దిగేటప్పుడు లీవరు ఎంత గట్టిగా నొక్కినా సైకిల్ ఆగడం లేదనీ, అందుకని కొత్త బ్రేకులు కొంటాననీ రాశావు. డబ్బు ఖర్చు పెట్టే ముందు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలి. అది చాలావరకు నీ వేళ్లకే తెలుస్తుంది. లీవరు గట్టిగానే నిలిచి చక్రం మాత్రం ఆగక, పైగా కీచుమని అరుస్తుంటే, డిస్కును రెండు వైపులా ఒత్తి ఆపే ప్యాడ్లకు నూనె అంటిందని అనుమానించాలి. లీవరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంటే ప్యాడ్లు అరిగి ఉండవచ్చు, లేదా కేబులు వదులై ఉండవచ్చు.

నీవు రాసినదాన్ని బట్టి నీ సైకిల్‌ది మొదటి జబ్బే. గొలుసుకు స్ప్రే కొట్టినప్పుడు తుంపరలు వెనక డిస్కు మీద పడతాయి. అందుకే గొలుసుకు నూనెను చుక్కలుగా వేయాలి. చక్రాలు తీసి, డిస్కుల రెండు వైపులనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడువు, ఆ తర్వాత వాటిని వేలితో తాకకు. ప్యాడ్లను ఊడదీసి, చదునైన చోట పరచిన ఎమరీ పేపరు మీద మెరుపు పోయేదాకా రుద్దు. నూనె లోపలికి ఇంకిపోయి ఉంటే ఈ శ్రమ వృథా, కొత్తవి వేయవలసిందే. స్టవ్ మీద కాలిస్తే బాగవుతాయని చెప్పేవారి మాట వినవద్దు. వంటింట్లో పొగ నింపినందుకు మీ అమ్మ చేత తిట్లు తప్ప ఫలితం ఉండదు. రాపిడి పొర మందం 0.5 మిల్లీమీటరుకు దగ్గరపడినా మార్చేయాలి.

ప్యాడ్లు కొత్తవైనా, రుద్దినవైనా వెంటనే ఘాట్ ఎక్కవద్దు. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద మోస్తరు వేగం అందుకొని, చక్రం బిగుసుకోకుండా, పూర్తిగా ఆగకుండా, నడక వేగానికి తగ్గేదాకా గట్టిగా బ్రేకు వేయి. ఒక్కో బ్రేకుతో ఇలా ఇరవై సార్లు చేస్తే ప్యాడు పదార్థం డిస్కుకు పలుచగా, సమానంగా అంటుకొని పట్టు వస్తుంది. చాలామంది వదిలేసేది ఈ పనినే.

నీవి కేబులు బ్రేకులు కనుక సర్దుబాటు కూడా చూడాలి. ఈ రకంలో చాలావాటికి లోపలి ప్యాడు (చక్రం ఊచల వైపుది) కదలదు; బయటి ప్యాడు డిస్కును వంచి లోపలి ప్యాడు మీదికి నొక్కుతుంది. అందువల్ల లోపలి ప్యాడును దాని మర తిప్పి డిస్కుకు తగిలీ తగలనంత దగ్గరకు తేవాలి. అరుగుదలను లీవరు దగ్గరి మరతోనే సరిదిద్దుతూ పోతే కేలిపర్ (ప్యాడ్లు ఉండే భాగం) మీద కేబులు లాగే చెయ్యి ముందే సగం తిరిగి ఉండి, నొక్కినప్పుడు కదలడానికి చోటు మిగలదు. విశాఖ ఉప్పుగాలికి కేబులు తుప్పు పట్టి బరువుగా లాగుతుంటే, తొడుగుతో సహా మార్చు.

ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కాళ్లు) కంపెనీ అనుమతించినంతలో ముందు డిస్కును 160 మిల్లీమీటర్ల నుంచి 180కి పెంచవచ్చు. లీవరు మీద అంతే బలానికి పట్టు ఎనిమిదో వంతు పెరుగుతుంది. ముందుగా వెనక ప్యాడ్లు విప్పి, వాటి ఫోటో నాకు పంపు. రుద్దితే సరిపోతుందో, మార్చాలో చెబుతాను.

మీ మామయ్య