రీమ్యాప్ చేయించిన స్కార్పియోకి ఇంటర్‌కూలర్ ముందు పెట్టించాలా, పైనే ఉంచుకోవాలా?

మీ ప్రశ్న ఇదీ అనుకుంటున్నాను: 2.2 ఎంహాక్ డీజిల్ ఇంజన్ స్కార్పియో, ఫోర్ బై ఫోర్, రీమ్యాప్ చేయించారు (అంటే ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచారు). వికారాబాద్ వైపు మట్టి దారులు, అప్పుడప్పుడు గోదావరి ఇసుక. ఎండాకాలంలో కాసేపు గట్టిగా తొక్కితే లాగుడు తగ్గిపోతోంది, పొగ కూడా వస్తోంది. షెడ్‌లో ఏమో బానెట్ కింద ఉన్న ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే, రేడియేటర్ లాంటి భాగం) తీసేసి గ్రిల్ వెనక పెద్దది పెడదాం అంటున్నారు.

ఇప్పుడే ఒప్పుకోకండి. నాదీ ఇదే బండి, ఇదే ఇంజన్, నేను తిరిగేదీ ఇలాంటి దారుల్లోనే. పాతది ఉన్న చోటే మెరుగైన కోర్ (ఇంటర్‌కూలర్‌లో గాలి చల్లబడే జాలీ భాగం) పెట్టించుకుని నడుపుతున్నాను. మా గుంపులో ఒకతను ముందు పెట్టించుకున్నాడు. రెండు బండ్లూ ఒకే దారిలో పక్కపక్కన నడిచాయి కాబట్టి తేడా కళ్లారా చూశాను.

ముందు వేడి సంగతి. టర్బో గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. బయట 40 డిగ్రీలు, బూస్ట్ (టర్బో అదనంగా పెంచే గాలి పీడనం) 1.2 బార్, టర్బో సామర్థ్యం 70 శాతం అనుకుని లెక్కేస్తే టర్బో నుంచి వచ్చే గాలి 150 డిగ్రీలు దాటుతుంది. పెరిగిన ఆ వేడిలో ఇంటర్‌కూలర్ 70 శాతం లాగేస్తే ఇంజన్‌కి చేరేసరికి 75 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. అదే పీడనంలో ఐదో వంతు పైగా ఎక్కువ గాలి పడుతుందన్నమాట. రీమ్యాప్‌లో డీజిల్ పెంచారు కదా, ఈ గాలి అందకపోతే ఆ డీజిల్ సరిగా కాలక పొగ అవుతుంది. ఎగ్జాస్ట్ వేడి పెరిగి టర్బో మీద పడుతుంది.

అయితే ఆఫ్‌రోడ్ అంటే అన్ని చోట్లా ఒకటే కాదు. లో రేంజ్‌లో (ఫోర్ బై ఫోర్‌లో మెల్లగా, బలంగా లాగే గేర్ల వరుసలో) ఫస్ట్ గేరు వేసి రాళ్ల మీద మెల్లగా ఎక్కుతున్నప్పుడు బూస్ట్ దాదాపు ఉండదు. బూస్ట్ లేని చోట ఇంటర్‌కూలర్ ఎంత పెద్దదైనా చేసే పని లేదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్‌లో లోడు ఉంటుంది గానీ బండి కదులుతూ ఉంటుంది, బానెట్ మీది స్కూప్‌కి (ఇంటర్‌కూలర్‌కి గాలి పట్టే మూతికి) ఎంతో కొంత గాలి తగులుతుంది. అసలు పరీక్ష ఇసుకలోనూ లోతు బురదలోనూ. యాక్సిలరేటర్ నేలకి అంటుకుని ఉంటుంది, స్పీడేమో 15, 20 దాటదు. స్కూప్ అలంకారంగా మిగిలిపోతుంది, కింద ఇంజన్ సెగ కోర్‌కి పట్టేస్తుంది. మీకు లాగుడు తగ్గేది ఇలాంటి చోటే అయితే ఆ పరిస్థితిని బట్టే సెటప్ ఎంచుకోవాలి. హైవే మీద వంద స్పీడులో ఏది బాగా చల్లబరుస్తుందన్నది మనకు అక్కర్లేని లెక్క.

ముందు పెట్టే ఇంటర్‌కూలర్‌కి ఒక మేలు నిజంగానే ఉంది. రేడియేటర్ ఫ్యాన్ వెనక నుంచి గాలి లాగుతుంది కాబట్టి బండి నిలబడి ఉన్నా దానికి కొంత గాలి అందుతుంది. కానీ ఆ వేడి ఎటు పోతుంది? వెనక ఉన్న ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) మీదికి, అక్కడి నుంచి రేడియేటర్ మీదికి. మావాడి బండిలో జరిగింది అదే. మందపాటి కోర్ ఒకటి గ్రిల్ వెనక నిండా పెట్టారు. రోడ్డు మీద పికప్ అద్భుతం. ఇసుకలోకి దిగి కాసేపు తిరిగేసరికి ముందు ఏసీ కట్టయింది, తర్వాత టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. చివరికి సన్నటి కోర్‌కి మార్చి, రేడియేటర్‌లో సగం భాగమే కప్పేలా దించి పెట్టించాక కుదుటపడింది. దాన్ని దించితే ఇంకో చిక్కు: నీళ్లలోకి దిగితే మొదట తడిసేదీ, బురద పట్టేదీ అదే. బురద ఫిన్నుల (కోర్‌లోని పల్చటి రేకుల) మధ్య ఎండి గట్టిపడితే ఇంటర్‌కూలర్, రేడియేటర్ రెండూ ఊపిరాడక చస్తాయి. కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్నులు వంగిపోతాయి. మామూలు పైపుతో, వెనక నుంచి ముందుకి నెమ్మదిగా కడగాలి. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: చోటు చాలడం లేదని బంపర్ వెనక ఉండే బీమ్ కోస్తామంటే ఆ షెడ్ నుంచి బండి వెనక్కి తెచ్చేసుకోండి. గుద్దుకున్నప్పుడు మిమ్మల్ని కాపాడేది అదే.

పైన ఉన్నదానికి పైపులు పొట్టివి, రాళ్లూ బురదా తగలవు, రేడియేటర్‌కి అడ్డం రాదు. దాని బలహీనత ఇంజన్ సెగ, తక్కువ స్పీడులో గాలి లేకపోవడం. ఈ రెండిటికీ మందు ఉంది. బానెట్ ఎత్తి స్కూప్ చుట్టూ ఉన్న ఫోమ్ సీల్ చూడండి. పాతబడితే అది పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది. అప్పుడు స్కూప్‌లోంచి వచ్చే గాలి కోర్‌లోంచి వెళ్లకుండా పక్కల నుంచి జారిపోతుంది. నా బండిలో సీల్ మార్చడానికి అయిన ఖర్చు ఒక పూట హోటల్ భోజనం అంత కూడా లేదు, ఘాట్‌లో తేడా మాత్రం వెంటనే తెలిసింది. తర్వాత కోర్ కింద పల్చటి 12 వోల్టుల ఫ్యాన్ ఒకటి. అది గాలిని పై నుంచి కిందికే లాగాలి. తిరగేసి బిగిస్తే స్పీడులో స్కూప్ గాలికి ఎదురు కొడుతుంది. రిలే, ఫ్యూజ్ తప్పనిసరి, డ్యాష్‌బోర్డు మీద విడిగా స్విచ్ ఉండాలి. ఇసుకలో ఇరుక్కుని ఆగినప్పుడు ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ రీడింగులు ఫోన్‌కి పంపే చిన్న పరికరం) పెట్టి ఫోన్‌లో చూస్తుంటే ఇన్‌టేక్ టెంపరేచర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి వేడి) ఒక్కో డిగ్రీ ఎక్కుతూ ఉంటుంది. స్విచ్ వేసిన కాసేపటికి ఎక్కడం ఆగి, మెల్లగా దిగడం మొదలవుతుంది. ఇంజన్ మీద ఉండే ఫ్యాన్ కాబట్టి ఎక్కువ కాలం మన్నదు, దాన్ని అరిగే సామానులాగే లెక్కేసుకోండి.

కోర్ మార్చాలనుకుంటే బార్ అండ్ ప్లేట్ రకం (మందపాటి కడ్డీలు, పలకలు కలిపి చేసేది) మన వాడకానికి బాగుంటుంది. బరువెక్కువ, కానీ గట్టిది. వేడిని కాసేపు తనలోనే దాచుకోగలదు కాబట్టి ఇసుకలో ఒక తిన్నె ఎక్కేంత సేపు ఆదుకుంటుంది. ట్యూబ్ అండ్ ఫిన్ (పల్చటి గొట్టాలు, రేకులతో చేసేది) తేలిక, ఆగాక త్వరగా చల్లబడుతుంది. రెండిట్లో ఏదైనా కోర్ వల్ల పడిపోయే పీడనం 0.1 బార్ లోపు ఉంటే మంచిది. అంతకు మించితే టర్బో ఆ లోటు పూడ్చడానికి ఇంకా గట్టిగా తిరిగి మళ్లీ వేడే పుట్టిస్తుంది. నీళ్లతో చల్లబరిచే రకం గురించి ఎవరైనా చెప్పినా మీకు వద్దు. విడిగా పంపు, చిన్న రేడియేటర్, పైపులు కావాలి. అడవి మధ్యలో పంపు ఆగితే దిక్కుండదు.

హోస్ పైపుల దగ్గర పిసినారితనం చేయకండి. టర్బో నుంచి వచ్చే గాలిలో ఆయిల్ ఆవిరి ఉంటుంది, మామూలు సిలికాన్ పైపుని అది లోపల నుంచి తినేస్తుంది. లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్నవి అడిగి కొనండి. క్లాంపులు టీ బోల్ట్ రకం (బోల్టుతో గట్టిగా బిగించేవి) వేయించండి.

ఇవన్నీ చేసేముందు లీక్ ఉందేమో చూడాలి, ఎందుకంటే మీరు చెప్పిన లక్షణాలు లీక్‌కి కూడా అచ్చంగా సరిపోతాయి. ఇంటర్‌కూలర్ విప్పి రెండు మూతులూ బిగించి, ఒకదానికి టైరు వాల్వ్ పెట్టి 1 బార్ గాలి పట్టండి. పంక్చర్ షాపులో ట్యూబు చూసినట్టే నీళ్ల తొట్లో ముంచండి. ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం కోర్‌తో కలిసే అంచున బుడగలు వస్తే మీ జబ్బు దొరికినట్టే. లోపల పల్చగా ఆయిల్ జిడ్డు కనిపిస్తే కంగారు పడకండి, అది మామూలే.

లీక్ లేదని తేలితే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ పెట్టుకుని ఒకసారి ఇసుకలో, ఒకసారి ఘాట్‌లో తిప్పండి. యాప్‌లో కనిపించే ఇన్‌టేక్ టెంపరేచర్ ఏ సెన్సార్‌దో ముందే తేల్చుకోండి. ఎయిర్ ఫిల్టర్ పక్కనున్న సెన్సార్‌ది అయితే ఇంటర్‌కూలర్ గురించి అది ఏమీ చెప్పదు, మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే భాగం) దగ్గరిదే కావాలి. బయటి టెంపరేచర్, మానిఫోల్డ్ టెంపరేచర్, బూస్ట్, కూలెంట్ టెంపరేచర్ నాలుగూ రాసి ఇక్కడ పెట్టండి. కూలెంట్ ఇప్పటికే పైపైకి పోతున్నట్టయితే ముందు పెట్టే ఆలోచన పూర్తిగా మానుకుని మొదట రేడియేటర్ శుభ్రం చేయించండి. కూలెంట్ మామూలుగానే ఉండి మానిఫోల్డ్ మాత్రమే కాలిపోతుంటే మీ బండికి ఎంత కోర్ సరిపోతుందో, ఫ్యాన్ ఎక్కడ బిగించాలో కొలతలతో సహా చెబుతాను.