ముక్కనుమ నాడు మాత్రం మెరీనా వద్దు

మైలాపూరు, చెన్నై

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ వాట్సాప్ చూశాను. పండగ మూడు రోజులూ బెజవాడలో పుట్టింట్లో గడిపి, ముక్కనుమ నాడు పినాకిని రైల్లో బయల్దేరి మధ్యాహ్నానికి ఇక్కడ దిగుతామన్నావు. బాగుంది. అదే సాయంత్రం పిల్లల్నీ మీ అత్తగారినీ మెరీనాకు తీసుకెళ్లి "కాసేపు ప్రశాంతంగా కూర్చుంటాం" అని కూడా రాశావు. అది చదివి వినిపిస్తే మీ పెద్దమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఫోన్లో చెబితే సగం నువ్వు వినవు, మిగతా సగం పిల్లలు విననివ్వరు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

కనుమ నాడు కాకి కూడా కదలదని మనం ఇంట్లో కూర్చుంటాం. ఆ మర్నాడు చెన్నైలో ఇంట్లో కూర్చునే మనిషి కనపడడు. మన ముక్కనుమ ఇక్కడ కానుం పొంగల్. కానుం అంటే చూడటం. చుట్టాల్ని చూడాలి, ఊరు చూడాలి, అన్నిటికన్నా ముందు సముద్రం చూడాలి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా చద్దన్నం మూటలు కట్టుకుని వస్తారు. లక్షల మంది. నీళ్లలోకి దిగకుండా ఒడ్డు పొడుగునా పోలీసులు కర్రలతో కంచె కడతారు. పిల్లల చేతులకు ఫోన్ నంబరు రాసిన పట్టీలు చుడతారు. ఆ పట్టీలు ఊరికే రాలేదమ్మా.

మీ అన్నయ్యకు ఐదేళ్లప్పటి మాట. మేము చెన్నై వచ్చిన కొత్త. ఇలాగే కానుం పొంగల్ నాడు సరదా పడి వెళ్లాం. సుండల్, అదే మన బఠాణీ గుగ్గిళ్లు, కొని చిల్లర తీసుకోడానికి వాడి చెయ్యి వదిలాను. అంతే. వెనక్కి తిరిగేసరికి వాడు లేడు. చుట్టూ వేల మంది, అందులో సగం మంది పిల్లలకు వాడిలాగే ఎర్ర చొక్కాలు. మీ పెద్దమ్మ ఇసుకలోనే కూలబడిపోయింది. నాకు తమిళం అప్పటికి నాలుగు ముక్కలే వచ్చు. ఆ నాలుగూ కూడా నోటికి రాలేదు. ముప్పావు గంట తరవాత తుపాకీతో బుడగలు పేల్చే కొట్టు దగ్గర దొరికాడు. ఎన్ని బుడగలు పేలాయో లెక్కపెడుతూ నించున్నాడు. తను తప్పిపోయానన్న సంగతే వాడికి తెలీదు. నాకు మాత్రం ఆ రాత్రి జ్వరం వచ్చింది.

కాబట్టి ఆ సాయంత్రం మా ఇంట్లోనే పడుకోండి. మర్నాడు కూడా వద్దు. ముందురోజు జనం వదిలేసిన కాగితం పొట్లాలు, సీసాలు, తిన్న కంకులు ఎత్తడానికి కార్పొరేషన్ వాళ్లకు ఆ రోజంతా సరిపోతుంది. మూడో రోజు వారం మధ్యలో పడితే మరీ మంచిది. తెల్లవారుజామున వెళ్దాం.

తెల్లవారుజాము అంటే నీ లెక్కలో ఏడున్నర అని నాకు తెలుసు. అది కాదు. జనవరి నెల మధ్యలో ఇక్కడ సూర్యుడు ఆరూ ముప్పై అయిదు ప్రాంతంలో పైకొస్తాడు. మనం ఆరుకల్లా అక్కడ ఉండాలి. చూడవలసింది సూర్యుడొచ్చాక కాదు, రాకముందు ఆ అరగంట. ఆ వేళ గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, అందుకని ఇసుక కళ్లలో పడదు, అలలూ కాస్త నెమ్మదిగా ఉంటాయి. పొద్దెక్కాక గాలి సముద్రం మీంచి మళ్లుతుంది. మీ అత్తగారికి ఒక శాలువా తెచ్చుకోండి. చెన్నైలో చలేమిటి అనుకోవద్దు, ఆ పూట ఉంటుంది.

మెరీనా అంటే అందరికీ ఇసుక, బజ్జీలు, గుర్రాలు. రోడ్డుకీ ఇసుకకీ మధ్య పొడుగునా పచ్చిక, చెట్లు, నడిచే బాట ఉన్నాయి. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సాయంత్రం దాన్ని తొక్కుకుంటూ ఇసుకలోకి పరిగెత్తుతారు. పొద్దున అదే అసలు మెరీనా. 1884లో గవర్నరు గ్రాంట్ డఫ్ వేయించి, మెరీనా అని పేరు పెట్టింది ఆ నడకబాటకే. రిటైరయ్యాక నేను రోజూ నడిచేది అక్కడే. గాంధీ విగ్రహం దగ్గర పెద్దవాళ్లు గుంపుగా నించుని చేతులెత్తి గట్టిగా నవ్వుతుంటారు, నీ పిల్లలు భయపడకుండా ముందే చెప్పు, అది వ్యాయామం. ఒకామె సైకిలు మీద స్టీలు డబ్బాలు పెట్టుకుని గరిక రసం అమ్ముతుంది. వినాయకుడి పూజకు తెచ్చే గరికే. ఇక్కడివాళ్లు అరుగంపుల్ అంటారు. పచ్చగా, చిక్కగా, గడ్డి వాసనతో ఉంటుంది. ఒకసారి తాగి చూడు. రెండోసారి అడగవు.

ఇక మీ అత్తగారి మోకాళ్ల విషయం. రోడ్డు నుంచి నీళ్ల దాకా ఇసుక కొన్నిచోట్ల 300 మీటర్లకు పైనే ఉంటుంది. ఇసుకలో 300 మీటర్లంటే మామూలు నేల మీద కిలోమీటరుతో సమానం. మోకాళ్లు అరిగినవాళ్లు సగం దూరంలో ఆగిపోతారు, ముందుకూ పోలేరు, వెనక్కీ రాలేరు. మా అమ్మను, అంటే మీ నానమ్మను, చివరి రోజుల్లో ఇక్కడికి తెచ్చి రోడ్డు మీద కారులోంచే సముద్రం చూపించాను. ఆ సంగతి నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు ఆ బాధ లేదు. 2022 నవంబరులో ఆ రోడ్డు మీది పాత మేడ వివేకానందర్ ఇల్లం ఎదురుగా ఇసుక మీద 263 మీటర్ల చెక్క బాట వేశారు, నడవలేనివాళ్లూ చక్రాల కుర్చీల వాళ్లూ నీళ్ల దగ్గరి దాకా వెళ్లేలా. తెరిచిన రెండు వారాలకే మాండూస్ తుఫాను వచ్చి విరగ్గొట్టింది. మళ్లీ కట్టారు. సాయంత్రాలు కుర్రకారంతా దాని మీదే సెల్ఫీలు తీసుకుంటారు గానీ పొద్దున ఖాళీ. మీ అత్తగారిని దాని మీద నేను నడిపించుకొస్తాను. నువ్వూ అల్లుడుగారూ పిల్లలతో ఇసుకలో రండి. కాళ్లున్నవాళ్లు ఆ బాట ఎక్కడం నాకు నచ్చదు.

ఇంత ఇసుక ఎందుకుందని నీ పెద్దాడు అడుగుతాడు, వాడు అడగకుండా ఉండడు. వాడికి ఇలా చెప్పు. ఈ తీరం వెంబడి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక ఉత్తరం వైపు జరుగుతూ ఉంటుంది. 1876లో హార్బరు పని మొదలై, సముద్రంలోకి గోడలు కట్టేసరికి ఇసుక ఇవతలే ఆగిపోయింది. ఏటేటా చేరి ఇంతైంది. గోడకు అవతల రాయపురం వైపు ఆ ఇసుక అందక ఒడ్డు కోసుకుపోయింది. బాటకు ఎదురుగా ఉన్న గుండ్రటి పాత మేడ, ఇప్పటి వివేకానందర్ ఇల్లం, 1842లో కట్టిన ఐస్‌హౌస్. అమెరికా నుంచి ఓడల్లో మంచుగడ్డలు తెచ్చి అందులో దాచేవాళ్లు. సముద్రం అప్పుడు దానికి దగ్గర్లోనే ఉండేది. వాడికి మంచుగడ్డల మాట చెబితే మిగతాది వినడు, అది వేరే సంగతి.

నీళ్ల దగ్గర మాత్రం నా మాట జవదాటొద్దు. చీలమండ దాకా, అంతే. మెరీనా ఒడ్డు చూడ్డానికి చదునుగా ఉంటుంది గానీ కొంచెం ముందుకెళ్తే నేల ఒక్కసారి దిగిపోతుంది. తిరుగు అల లాగేటప్పుడు మడమల కింద ఇసుక జారిపోతుంది చూడు, అది పిల్లలకు ఆట. ఆ లాగుడే పెద్దవాళ్లనూ తీసుకుపోతుంది. ఇక్కడ స్నానానికి అనుమతి లేదు, పోలీసులు విజిల్ వేస్తారు. పొద్దున విజిల్ వేసేవాళ్లు తక్కువ, అంచేత జాగ్రత్త మనమే పడాలి. ఇద్దరు పిల్లలకు ఇద్దరు పెద్దవాళ్లు, ఒక్కొక్కరి చెయ్యి ఒక్కొక్కరు. ఆ ఇద్దరి ఫోన్లూ మీ అత్తగారి దగ్గర ఉండాలి.

ఇంకో మాట. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకొస్తాయి. ఆలివ్ రిడ్లీలని అంటారు. ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చినవీ అప్పుడప్పుడు కొట్టుకొస్తాయి. పొద్దున్నే వెళ్తే ఒకటి కనిపించవచ్చు. చిన్నదానికి ముందే చెప్పి ఉంచు, లేకపోతే ఆ రోజంతా ఏడుస్తుంది. కుక్కలు చేరితే దగ్గరికి పోనివ్వకు.

తిండి సంగతి. పొద్దున అక్కడ బజ్జీల కొట్లు ఉండవు, మంచిదే. మరిగి మరిగి నల్లబడిన ఆ నూనె మీద నాకు నమ్మకం లేదు. సుండల్ మాత్రం ఇంకోనాడు సాయంత్రం నేనే కొని తెస్తాను. అందులో పచ్చి మామిడి ముక్కలూ కొబ్బరీ వేస్తారు. మీ పెద్దమ్మ ఇడ్లీలకు నూనె, కారప్పొడి పట్టించి అరిటాకులో కట్టిస్తానంది. అవి పచ్చిక మీదే తినాలి, ఇసుకలో కాదు. ఇసుకలో పొట్లం విప్పితే మొదటి ముద్ద కాకిది, రెండో ముద్దలో ఇసుక. తిన్న ఆకులు సంచిలో వేసుకుని వెనక్కి తెద్దాం. పిల్లలకు ఒక జత బట్టలు, ఒక తడి తువ్వాలు పెట్టుకో. ఇంట్లోంచి బయల్దేరేముందే అందర్నీ బాత్రూముకు పంపు. అక్కడున్నవాటి గురించి రాయకపోవడమే మర్యాద.

పిల్లలు హుషారుగా ఉంటే ఆటోలో ఉత్తరం కొసకు వెళ్లి శ్రామిక విగ్రహం చూపిద్దాం. నలుగురు మనుషులు బండరాయిని కదిలిస్తుంటారు. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసింది, 1959లో పెట్టారు. దేశంలో మొదటి మేడే 1923లో జరిగిన చోట్లలో ఈ ఒడ్డు ఒకటి. వాళ్ల పిక్కల కండరాలు దగ్గర్నుంచి చూడమను. మీ అన్నయ్య చిన్నప్పుడు "తాతా వాళ్లు ఆ రాయిని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అని మా నాన్నను అడిగాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, తెలీదురా అన్నారు. మిగతా విగ్రహాలు ట్యాంక్‌బండ్ మీదవాటిలాగే దారి పొడుగునా ఉంటాయి, చాలావరకు 1968 ప్రపంచ తమిళ మహాసభల నాటివి. అన్నీ చూడాలని పెట్టుకోకు. లైట్‌హౌస్ కూడా ఆ పొద్దున వద్దు, అది పదింటికి గానీ తెరవరు. అప్పటిదాకా పిల్లల్ని ఎండలో ఆపడం నీ వల్ల కాదు.

మీ ఆడపడుచు బెసెంట్ నగర్ బీచి బాగుంటుందని చెప్పిందట. బాగుంటుంది, ఇసుక తక్కువ నడవాలి. సాయంత్రాలు అదీ తిరనాళ్లే. అడయారు వైపు నాకైతే దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) తోట ఇష్టం. అల్లుడుగారిది మదనపల్లె కదా, ఆయనకు చెప్పు. మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తిని 1909లో ఆ సమాజం పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ మొదట చూసింది ఆ సమాజం పక్కనున్న ఒడ్డు మీదే. లోపలి పెద్ద మర్రి మూలమాను 1989 తుఫానులో పడిపోయింది, ఊడలు నిలబడ్డాయి. ఆదివారాలు సందర్శకుల్ని రానివ్వరు. అది ఇంకో రోజు పెట్టుకుందాం.

చివరగా దారి. మ్యాపులో చెన్నై బీచ్ అన్న స్టేషను చూసి అక్కడ దిగకండి. అది హార్బరు దగ్గర, మెరీనాకు చాలా దూరం. మన వాళ్లు ఏటా ఎవరో ఒకరు సామాన్లతో అక్కడ దిగి నాకు ఫోన్ చేస్తారు. ఆటో అతనితో "వివేకానందర్ ఇల్లం ఎదురు" అను, చాలు. జనవరి మూడో వారం దాటితే రిపబ్లిక్ డే కవాతు రిహార్సల్సు ఆ రోడ్డు మీదే చేస్తారు, పొద్దున్నే దారి మళ్లిస్తారు. ముందురోజు రాత్రి నేను కనుక్కుని చెబుతాను.

నేను ఇంటి నుంచి నడిచి వస్తాను, మీరు ఆటోలో రండి. చెక్క బాట మొదట్లో ఫ్లాస్కు పట్టుకుని నించుంటాను. మీ అత్తగారు కాఫీలో చక్కెర వేసుకుంటారా మానేశారా, అది మాత్రం రేపే ఫోన్ చేసి చెప్పు. వచ్చేటప్పుడు మీ అమ్మ పెట్టిన గోంగూర ఒక సీసా మర్చిపోకు.

మీ పెదనాన్న