సైలెన్సర్ విప్పే ముందు

చిన్నా,

మీ నాన్న మారుతి 800 సైలెన్సర్ నువ్వే విప్పి బిగిస్తావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఇంకొకడు స్పానర్ పడుతున్నాడని సంతోషపడ్డాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టు. ఒట్టి జాకీని నమ్మి కిందకు దూరకు, స్టాండ్లు వెయ్యి. తుప్పు పట్టిన నట్లకు ముందు రాత్రే ఆయిల్ పట్టించు.

1996 డిసెంబరులో తెల్లవారుజామున గుడివాడ పెళ్లికి బయలుదేరాం. ముందురోజే నేను సైలెన్సర్ బిగించాను. కొట్లు మూసేశారని, పొగ కారకుండా జాయింటు మధ్య వేసే ప్యాకింగ్ పాతదే మళ్లీ వేశాను. పైగా ఒక్కో జాయింటూ అక్కడికక్కడే బిగించేస్తూ వెళ్లాను. పైపు మెలిపడి ఉందని గమనించలేదు. వెనక సీటు కింద నేలరేకులో రబ్బరు బిళ్ల ఊడిన బెజ్జం కూడా ఉంది.

చలికి అద్దాలన్నీ ఎత్తేశాం. రైల్వే గేటు దగ్గర ఇంజన్ ఆపకుండానే ఉన్నాం. పొగ వాసన వస్తే ముందున్న లారీదనుకున్నా. పాప "తల నొప్పి నాన్నా" అంది, నిద్ర చాలలేదేమో అన్నాను. కాసేపటికి మీ అత్తయ్య పిలిచినా పాప పలకలేదు. ఎత్తుకుని వరి కుప్పల వైపు పరిగెత్తాను. చల్లగాలికి వాంతి చేసుకుని ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే కాళ్లలో సత్తువ పోయి గట్టు మీదే కూలబడ్డాను. తర్వాత చూస్తే జాయింటు చుట్టూ నల్లటి మసి చార.

ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా లేవురా. రక్తంలో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనకు కనిపించేది తలనొప్పి, మత్తు, అంతే.

కాబట్టి ప్యాకింగ్ కొత్తదే. నట్లన్నీ ముందు చేత్తోనే ఎక్కించు. రబ్బర్లకు పైపు వేలాడదీసి ఊపి చూడు, బాడీకి ఎక్కడా తగలకూడదు. అప్పుడు ఇంజన్ వైపు నుంచి వెనక్కి బిగించు, జాయింటుకున్న నట్లు మార్చి మార్చి తిప్పుతూ. స్టార్ట్ చేసి, పైపు వేడెక్కకముందే జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లు. బుడగలు వస్తే మళ్లీ విప్పాల్సిందే, బద్ధకించకు.

మీ అపార్ట్‌మెంట్ సెల్లార్లో మాత్రం స్టార్ట్ చెయ్యకు. చేస్తే నేనే వచ్చి చెవి మెలిపెడతాను. ఇద్దరు కలిసి బయటికి తోసుకోండి.

ప్యాకింగులు, రబ్బర్లు ఆటోనగర్‌లో కొని రేపటి బస్సుకు పార్శిల్ వేస్తాను. స్టార్ట్ చేశాక ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆ శబ్దం నాకు వినిపించు. అప్పటిదాకా అమ్మను ఎక్కించుకోకు నాన్నా.

మామయ్య