నాలా అయింది సరే, జోన్ చూశావా?

చిరంజీవి శ్రీనుకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు చూశాను. హైదరాబాద్ శివార్లో 5 గుంటలు, కింద షాపులు, పైన ఇల్లు. "నాలా అయిపోయింది, ఇక ప్లాన్ పెట్టుకోవడమే" అన్నాడట బ్రోకరు. ఆ మాట నమ్మి అడ్వాన్సు ఇవ్వకు.

నాలా అంటే సాగు భూమిని సాగేతర భూమిగా మార్చినట్టు రెవెన్యూ వాళ్లిచ్చే కాగితం. ఆ నేల ఇక సాగు భూమి కాదని రికార్డులో రాసుకుంటారు, అంతే. అక్కడ ఏం కట్టొచ్చో తేల్చేది మాస్టర్ ప్లాన్, అంటే ఏ ప్రాంతాన్ని దేనికి వాడాలో చెప్పే పటం. శివార్లు చాలావరకు 2013లో వచ్చిన హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) 2031 ప్లాన్ కిందికి వస్తాయి. రెసిడెన్షియల్ (ఇళ్లకు), పెరి అర్బన్ (నగరం అంచు), మాన్యుఫాక్చరింగ్ (పరిశ్రమలకు), కన్జర్వేషన్ (సాగుకే ఉంచేది)... ఇలా వాడకాన్ని బట్టి జోన్లుంటాయి. నాలా కాగితం చేతిలో ఉన్నా భూమి కన్జర్వేషన్‌లో ఉంటే నీ షాపులకు ప్లాన్, అంటే కట్టుకునే అనుమతి, రాదు.

కాబట్టి ముందు హెచ్‌ఎండీఏలో నీ భూమి ఏ జోన్‌లో ఉందో చెప్పే ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కి అప్లై చెయ్యి. సర్వే నంబరు ఒక్కటే ఇస్తే చాలదు. ఒకే నంబరు రెండు జోన్లలో పడొచ్చు, నీ 5 గుంటలు ఏ మూలనో వాళ్లకు తెలియాలి. గ్రామ నక్షలో నీ ముక్క గుర్తించి, హద్దుల కోఆర్డినేట్లతో సర్వేయర్ స్కెచ్ జత చెయ్యి. మాస్టర్ ప్లాన్ రోడ్డు ఏదైనా అందులోంచి పోతోందా అన్నదీ అప్పుడే అడుగు. పక్కన చెరువుంటే ఇంకో లెక్క: 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ, వదలాలి.

జోన్ కుదరకపోతే మార్పించుకోవచ్చంటారు. దారి ఉంది, కానీ పొడవైనది. అభ్యంతరాలు పిలవాలి, ఫీజు కట్టాలి, చివరికి ప్రభుత్వం జీవో ఇవ్వాలి. ఆ జీవోలోనే సాధారణంగా ఒక షరతు ఉంటుంది: దీన్ని టైటిల్‌కి, అంటే యాజమాన్య హక్కుకి, రుజువుగా వాడకూడదని. అంటే అన్నీ అయ్యాక కూడా లింకు డాక్యుమెంట్ల (భూమి చేతులు మారిన పాత కాగితాల) గొడవ నీదే.

జోన్ సరిపోయాకే ప్లాన్ సంగతి. జోన్ ఏం కట్టొచ్చో చెబితే ప్లాన్ ఎలా కట్టాలో చెబుతుంది: సెట్‌బ్యాక్‌లు (చుట్టూ వదలాల్సిన ఖాళీలు), ఎత్తు, పార్కింగ్, ముందున్న రోడ్డు వెడల్పు. భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 టీఎస్ బీపాస్ చట్టంలో 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. నీ 5 గుంటలంటే 605 గజాలు, సుమారు 506 చదరపు మీటర్లు. ఆ కాస్తకే గీత దాటావు, పైగా షాపులున్నాయి. అధికారులు కాగితాలు పరిశీలించి అనుమతిచ్చే సింగిల్ విండోకే వెళ్లాలి, 21 రోజుల గడువు.

గీత లోపల చూపించడానికి విస్తీర్ణం తగ్గించి రాద్దామని ఎవడైనా అంటే వినకు. సొంత ధ్రువీకరణలో అబద్ధం తేలితే అనుమతి రద్దు చేస్తారు, నోటీసు లేకుండా కూల్చే అధికారమూ ఆ చట్టంలో ఉంది.

ఇంకొకటి. అనుమతి పొందిన లేఅవుట్ (ప్లాట్లు, రోడ్ల పటం) లేకుండా పొలాన్ని గుంటల లెక్కన ముక్కలు చేసి అమ్ముతున్నాడేమో కనుక్కో. అలాంటి ముక్కకు జోన్ సరిగ్గా ఉన్నా ప్లాన్ దగ్గర ఆగిపోతావు.

అమ్మేవాడు తొందరపెడితే, షాపూ ఇల్లూ రెండూ కుదిరే జోన్ అని సర్టిఫికెట్ వస్తేనే మిగతా డబ్బు, రాకపోతే అడ్వాన్సు వాపసు అని అగ్రిమెంటులో రాయించు. దానికి ఒప్పుకోకపోతే ఆ భూమి వద్దు.

మీ మామయ్య