దిగుమతి సుంకం పెంచితే ఫ్యాక్టరీలు, ఉద్యోగాలు పెరుగుతాయా? భారం ఎవరి మీద పడుతుంది?

ముందు ఒక అపోహ తీసేద్దాం. సుంకం కట్టేది ఎగుమతి చేసే దేశం కాదు. సరుకు తెప్పించుకున్న దిగుమతిదారు కస్టమ్స్‌లో కట్టి విడిపించుకుంటాడు. అమ్మినవాడు ధర తగ్గించి కొంత భారం మోయొచ్చు కదా అంటారు. 2018లో అమెరికా వేసిన సుంకాలను పరిశీలించిన ఆర్థికవేత్తలకు ఉక్కు లాంటి కొన్ని సరుకుల్లో తప్ప అలాంటి తగ్గింపు పెద్దగా కనబడలేదు.

ఇక అసలు ప్రశ్న. "ఎంత శాతం" అని అడిగే ముందు "దేని మీద" అని అడగాలి. లెక్క వేసి చూడండి. ఒక వస్తువు ధర 100. అందులో దిగుమతి విడిభాగాలు 60, ఫ్యాక్టరీ చేర్చే విలువ 40. కూలీలు, కరెంటు, లాభం అన్నీ ఆ 40లోంచే రావాలి. తయారైన వస్తువు మీద 10 శాతం సుంకం వేస్తే బయటి సరుకు 110 అవుతుంది కాబట్టి దేశీ తయారీదారు తనదీ 110 దాకా అమ్ముకోగలడు. విడిభాగాల మీద 5 శాతమే ఉంటే వాటి ఖర్చు 63, చేతికి మిగిలేది 47. అంటే 40 మీద 7 ఎక్కువ, 17.5 శాతం రక్షణ. అదే విడిభాగాల మీద 20 శాతం ఉంటే ఖర్చు 72, మిగిలేది 38. సుంకం లేని రోజుల్లో 40 మిగిలేది! పేరుకు రక్షణే, నిజానికి 5 శాతం శిక్ష. దీన్నే ఇన్వర్టెడ్ డ్యూటీ అంటారు. ఈ పరిస్థితిలో దేశంలో తయారుచేయడం కంటే పూర్తయిన వస్తువును తెచ్చి అమ్ముకోవడమే లాభం.

ఉక్కు విషయంలో జరిగేది ఇదే. 2018లో అమెరికా ఉక్కు మీద 25, అల్యూమినియం మీద 10 శాతం వేసింది. ఉక్కు మిల్లులకు మంచిదే. కానీ ఉక్కు కొని యంత్రాలు, కార్లు, డబ్బాలు చేసేచోట పనిచేసేవాళ్లు మిల్లుల్లో ఉన్నవాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా దేశీ ఉక్కు కొంటే తప్పించుకోవచ్చనుకుంటే పొరపాటు. విదేశీ సరుకు ఖరీదైనప్పుడు దేశీ మిల్లు పాత ధరకే ఎందుకు అమ్ముతుంది? అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఆర్థికవేత్తలు 2019లో తేల్చిందేమిటంటే, 2018 సుంకాల వల్ల తయారీ ఉద్యోగాల్లో దక్కిన కొద్దిపాటి మేలును ముడిసరుకు ఖర్చులు, ఇతర దేశాల ఎదురు సుంకాలు మింగేశాయి.

పూర్తయిన వస్తువు మీద వేస్తే ఉద్యోగాలు వస్తాయి, అది నిజం. ఎంతకు వస్తాయన్నదే ప్రశ్న. 2018లోనే అమెరికా వాషింగ్ మెషీన్ల మీద తొలి ఏడాదికి మొదటి 12 లక్షల యూనిట్లకు 20 శాతం, ఆపైన 50 శాతం సుంకం వేసింది. మెషీన్ల ధర సుమారు 12 శాతం పెరిగింది. తమాషా ఏమిటంటే, సుంకం లేని డ్రైయర్ల ధర కూడా దాదాపు అంతే పెరిగింది. రెండూ జతగా కొంటారు కాబట్టి కంపెనీలు పెంపును రెంటికీ పంచేశాయి. సుమారు 1,800 ఉద్యోగాలు వచ్చాయని, కొనేవాళ్ల మీద ఏటా 150 కోట్ల డాలర్ల భారం పడిందని ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఖజానాకు వచ్చిన సుంకం తీసేసినా ఒక్కో ఉద్యోగానికి 8 లక్షల డాలర్ల పైమాటే. దుకాణంలో కనిపించే ధరనే చూసేవాళ్లు ఆ డ్రైయర్ సంగతి గమనించరు.

కొత్త ప్లాంటు రావాలంటే శాతం కంటే కాలం ముఖ్యం. స్థలం, యంత్రాలు, సరఫరాదారులు కుదిరేసరికి ఏళ్లు పడుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) నిబంధనల్లో, దిగుమతులు ఒక్కసారిగా పెరిగినప్పుడు వేసే సేఫ్‌గార్డ్ రక్షణ సుంకానికి మొదట నాలుగేళ్లే గడువు, పొడిగించినా మొత్తం ఎనిమిదేళ్లు, వర్ధమాన దేశాలకైతే పదేళ్లు. రేపు ఎత్తేస్తారేమో అన్న అనుమానం ఉంటే ఎవరైనా ఉన్న ప్లాంటులో ఇంకో షిఫ్టు పెడతారు, ధర పెంచుతారు, అంతటితో ఆగుతారు.

మరీ ఎక్కువ కాలం ఉంచినా తిప్పలే. అమెరికాలో తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం 1964 నుంచి ఉంది. ఫోర్డ్ కంపెనీ తన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లను వెనక సీట్లతో, తక్కువ సుంకం పడే ప్రయాణికుల వాహనాలుగా తెచ్చి, కస్టమ్స్ దాటాక ఆ సీట్లు పీకేసేది. దీనిపై ప్రభుత్వంతో నడిచిన కేసు 2024లో 36.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. వర్గీకరణ మారితే రేటు మారుతుంది కాబట్టి హెచ్.ఎస్. కోడ్ (సరుకు ఏ వర్గానిదో చెప్పే అంకె) దగ్గరే సగం గొడవలు పుడతాయి.

మీ పరిశ్రమకు ఏమవుతుందో తెలియాలంటే పైన వేసిన లెక్కను మీ అంకెలతో వేయండి. ఎగుమతులు కూడా చేస్తుంటే డ్యూటీ డ్రాబ్యాక్, అంటే ఎగుమతి సరుకులో వాడిన దిగుమతుల మీద కట్టిన సుంకం వాపసు, వస్తుందో లేదో చూడండి. కట్టిన సుంకం తిరిగి వచ్చినా, అది చేతికందేదాకా ఆ సొమ్ము ఇరుక్కుపోయి ఉంటుంది. దాని మీద వడ్డీని ఖర్చులో కలపడం చాలామంది మరిచిపోతారు.